రిటైరయ్యి అమెరికా వచ్చేశాం, ఈ వయసులో ఇక్కడ సైకిలు తొక్కొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_తాతగారు
అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, వయసు 67, మా ఆవిడకి 63. గ్రీన్ కార్డులు వచ్చాయి, మా అబ్బాయి కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు, ఇంక మా మకాం ఇక్కడే. ఊరు చూస్తే బల్లపరుపుగా ఉంది, ఎటు చూసినా సైకిళ్ళే, నా వయసు తెల్లవాళ్ళు కూడా బుట్టలో కూరగాయలు పెట్టుకుని దర్జాగా పోతున్నారు. నాకేమో కొత్తిమీర కట్ట కావాలన్నా కోడలు కారు తియ్యాలి, పాపం ఆ అమ్మాయి పొద్దున్నుంచీ మీటింగుల్లోనే ఉంటుంది, అడగాలంటే మొహమాటం. తెనాలిలో స్కూటరు కొనేదాకా బ్యాంకుకి సైకిలు మీదే వెళ్ళేవాణ్ణి కాబట్టి తొక్కడం కొత్త కాదు. మా అబ్బాయి మాత్రం వద్దంటే వద్దంటున్నాడు, పడితే హాస్పిటల్ బిల్లు ఎంతవుతుందో తెలుసా నాన్నా అంటాడు. బీపీకి, షుగరుకి మాత్రలు వాడుతున్నా. ఎలాంటి సైకిలు తీసుకోవాలి, ఇక్కడి రూల్సేంటి, ఇన్సూరెన్సు సంగతేంటి, అసలు ఇది తెలివైన పనేనా, కాస్త వివరంగా చెప్పండి.

డేవిస్_పాతకాపు
మా ఊరికి స్వాగతం అండీ! సైకిలు తొక్కాలనుకునేవాళ్ళకి అమెరికాలో ఇంతకన్నా మంచి ఊరు దొరకదు. ఈ దేశంలో రోడ్డు మీద సైకిళ్ళకి విడిగా గీత గీసి లేను ఇచ్చింది మొదట ఇక్కడే, 1967లో. యూనివర్సిటీలో ఫ్రాంక్ చైల్డ్ అని ఎకనామిక్స్ ప్రొఫెసరు ఉండేవాడు, కుటుంబంతో కొన్నాళ్ళు నెదర్లాండ్స్‌లో హేగ్‌లో ఉండొచ్చి, అక్కడిలా ఇక్కడ ఎందుకుండకూడదని పేపరుకి ఉత్తరాలు రాసి, జనాన్ని పోగేసి, చివరికి సిటీ కౌన్సిల్ ఎన్నికల దాకా తీసుకెళ్ళారు. కాబట్టి మీరు వయసైపోయాక వింత పని ఏదో చేస్తున్నారని ఇక్కడ ఎవ్వరూ అనుకోరు.

ఇక అసలు విషయం. మీరు ఇండియాలో తొక్కారు అన్నారు కాబట్టి ముందుగా బ్రేకుల గురించి చెప్తా, ఇది షాపువాడు చెప్పడు, వాడికి తెలీదు. మన దగ్గర కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమ చేతిది వెనక చక్రానికి ఉంటుంది కదా, ఇక్కడ తిరగేసి ఉంటుంది. ఎడమది ముందు చక్రం. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైపోయింది కాబట్టి కుక్కో పిల్లాడో అడ్డొస్తే ఆలోచించకుండా ఎడమ చెయ్యి బిగిస్తాం, వెనక చక్రం ఆగుతుందనుకుంటే ముందు చక్రం ఆగిపోయి మనిషి హ్యాండిలు మీంచి అవతల పడతాడు. ఇప్పటి సైకిళ్ళ బ్రేకులు మన పాత రాడ్ బ్రేకుల్లా కాదు, వేలితో నొక్కినా పట్టేస్తాయి. షాపులో అడిగితే వైర్లు అటూ ఇటూ మార్చి ఇస్తారు, మామూలు వైరు బ్రేకులకైతే పెద్ద పని కాదు. అలా మార్పించుకుంటే హ్యాండిలుకి స్టిక్కరు అంటించండి, మీ మనవడు ఎక్కితే వాడికి తేడా కొడుతుంది.

కొడుకు_కోణం
అంకుల్ కోపం తెచ్చుకోవద్దు, నేను మీ అబ్బాయి వైపు. మా నాన్నగారికి 70, డల్లాస్ దగ్గర ఉంటాం, పోయినేడు ఖాళీ పార్కింగ్ లాట్‌లోనే సైకిలు దిగుతూ పడ్డారు, తుంటి ఎముక. ఆపరేషను, రీహాబ్, అమ్మ నిద్రలేని రాత్రులు, ఇన్సూరెన్సు కంపెనీతో నెలల తరబడి ఫోన్లు. తొక్కుతూ పడలేదు గమనించండి, దిగుతూ పడ్డారు. వాకింగ్ చెయ్యండి చాలు కదా, ఎందుకీ రిస్కు?

కరీంనగర్_కాకా
తమ్మీ నీ బాధ అర్థమైంది గని, దిగేటప్పుడు పడ్డడంటే అది సైకిల్ తప్పు గాదు, కాలు ఎత్తి ఎనకనుంచి తిప్పే డండా సైకిల్ కొనిచ్చిన్రు గావచ్చు. నేను శాక్రమెంటోల ఉంట, నాకు 71. నడుమ డండా లేని సైకిల్ తీస్కున్న, లేడీస్ సైకిల్ అని మా బామ్మర్ది నవ్విండు, నవ్వనీ. ఈడ దాన్ని స్టెప్ త్రూ అంటరు, మగోల్లు గూడ మస్తుమంది తొక్కుతరు. కాలు ముందల్నుంచే పెట్టి ఎక్కుడు, ముందల్నుంచే దిగుడు. ఇంకోటి, షాపోడు సీటు పైకి లేపిస్తడు మోకాళ్ళకు మంచిదని, నిజమే గని మొదట మొదట కిందికే ఉంచుకో అన్నా, సీటు మీద కూసుంటే రెండు పాదాలు భూమికి ఆనాలె. పానం కుదుటపడ్డంక జరజర లేపుకో.

డాక్టరమ్మ_వైజాగ్
నేను రిటైర్డ్ ఫిజీషియన్‌ని. మిమ్మల్ని చూడకుండా సలహా ఇవ్వలేను కానీ మీ డాక్టర్ని ఏమేం అడగాలో చెప్తాను.

ఒకటి, షుగరుకి ఏ మాత్ర? మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే మామూలుగా షుగరు మరీ పడిపోదు. గ్లిమిపిరైడ్ లాంటిది ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా ఎక్సర్‌సైజుతో లో షుగర్ వచ్చే అవకాశం ఉంది. మనవాళ్ళలో గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళు చాలామంది, అది కూడా టిఫిను తినకుండా పొద్దున్నే వాకింగుకి పోతారు! సైకిలు మీద కళ్ళు తిరిగితే నడకలోలా పక్కన అరుగు మీద కూర్చోవడం కుదరదు. తిని వెళ్ళండి, జేబులో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోండి. చాక్లెట్ కన్నా అవే త్వరగా పనిచేస్తాయి.

రెండోది, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు వాడుతుంటారు. అవి వాడుతూ తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే, బానే ఉన్నాను కదా అని పడుకోకూడదు. అలాంటివాళ్ళకి నేనైతే మూడు చక్రాల సైకిలే చెప్తాను.

బీపీ మాత్ర కొత్తగా మొదలైనా, డోసు మారినా కొన్నాళ్ళు ఆగండి. కంటి పరీక్ష కూడా చేయించుకోండి, కేటరాక్టు ఉంటే సాయంత్రం ఎదురు ఎండలో ఏమీ కనపడదు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం నడక కన్నా సైకిలు హాయి, బరువంతా సీటు మోస్తుంది కాబట్టి. కొడుకు_కోణం బాబూ, మీ నాన్నగారి విషయం బాధగా ఉంది, కానీ పడతారన్న భయంతో ఇంట్లో కూర్చోబెడితే కాళ్ళల్లో బలం పోయి బాత్రూములోనే పడతారు. అది కూడా రోజూ చూశాను నేను.

ఐండ్‌హోవెన్_రావు
హేగ్ పేరు వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. నెదర్లాండ్స్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, ఇక్కడే రిటైరయ్యాను. ఇక్కడ ఎనభై ఏళ్ళ ముసలమ్మలు ఎదురుగాలిలో నన్ను దాటేసి పోతుంటారు, ఎలక్ట్రిక్ సైకిలు మహిమ. దానికి ఇంకో కోణం కూడా ఉంది, ఈ దేశంలో సైకిలు మీద చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవయసువాళ్ళే, బరువైన ఎలక్ట్రిక్ సైకిళ్ళు పెద్దవాళ్ళు అదుపు చెయ్యలేకపోవడం మీద ఇక్కడ బాగా చర్చ నడుస్తుంటుంది. అందుకని తాతగారూ, డేవిస్ లాంటి చదునైన ఊళ్ళో మామూలు సైకిలుతో మొదలెట్టండి. మోటారు తర్వాత చూసుకోవచ్చు.

మా దగ్గర్నుంచి కాపీ కొట్టాల్సినవి ఇంకో రెండు. గొలుసు మొత్తం మూసేసే కవరు, ప్యాంటు అంచు దాంట్లో పడదు, నూనె అంటదు. వెనక చక్రానికి రెండు పక్కలా కోటు ఇరుక్కోకుండా రేకు ఉంటుంది, మన చీరకి, చున్నీకి కూడా అదే రక్ష. మీ ఆవిడ తొక్కేటట్టయితే అడిగి పెట్టించండి.

మెల్‌బోర్న్_మురళి
ఆస్ట్రేలియాలో పిల్లలకీ పెద్దలకీ అందరికీ హెల్మెట్ తప్పనిసరి, లేకపోతే ఫైను. మీకెలాగో తెలీదు. మాకు కలిసొచ్చేదేంటంటే ఎడమ పక్కనే నడపాలి, ఇండియా లాగానే.

డేవిస్_పాతకాపు
కాలిఫోర్నియాలో 18 ఏళ్ళలోపు వాళ్ళకే తప్పనిసరి, పెద్దవాళ్ళకి చట్టం అడగదు. అయినా పెట్టుకోండి సార్, డాక్టరుగారు చెప్పింది విన్నారుగా.

మురళి గారు కుడి ఎడమల సంగతి ఎత్తారు కాబట్టి అది చెప్తా, కొత్తగా వచ్చిన మనవాళ్ళకి అసలు చిక్కు అక్కడే. ఇక్కడ రోడ్డుకి కుడి పక్కన పోవాలి. నేరుగా పోయేటప్పుడు అలవాటైపోతుంది, కుడి వైపు తిరగడం తేలిక, ఎడమ వైపు తిరగాలంటేనే కష్టం, ఎందుకంటే రోడ్డు మొత్తం దాటాలి. మనకి వెనక్కి చూడాలంటే మెడ తనంతట తనే కుడి భుజం మీదుగా తిరుగుతుంది, ఇక్కడ ఎడమ భుజం మీదుగా చూడాలి. హ్యాండిలుకి ఎడమ పక్కన చిన్న అద్దం పెట్టించుకోండి. పెద్ద కూడళ్ళలో కార్లతో పాటు లెఫ్ట్ లేన్‌లోకి దూరకండి, నేరుగా అవతలికి దాటి, మూల మీద ఆగి, సైకిలు ఎడమకి తిప్పుకుని నిలబెట్టి, ఆ వైపు పచ్చ లైటు పడ్డాక మళ్ళీ నేరుగా పొండి. రెండు సార్లు ఆగుతారు, ఇంకో నిమిషం పడుతుంది, మనకేం తొందర? కవెల్, జె స్ట్రీట్ కలిసేచోట డచ్చివాళ్ళ తరహా కూడలి కట్టారు, సైకిలుకి విడిగా దారి, మలుపులో సిమెంటు దిమ్మెలు. అక్కడికి పోయి ఒక పక్కన నిలబడి జనం ఎలా పోతున్నారో కాసేపు చూడండి, నేను ఎంత రాసినా అంత అర్థం కాదు.

నాలుగు వైపులా స్టాప్ బోర్డులుంటే ముందొచ్చినవాడు ముందు పోతాడు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కనున్నవాడిది ముందు. సైకిలు కూడా పూర్తిగా ఆగాలి, చట్టం ప్రకారం బండి నడిపేవాళ్ళ రూల్సే మనకీ. కుర్రాళ్ళు ఆగరు, వాళ్ళని చూసి నేర్చుకోకండి. రాత్రి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి, నేనైతే వెనక కూడా మిణుకు మిణుకుమనే లైటే పెట్టుకుంటా, పగలు కూడా వేస్తా. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఇక్కడ నేరం. ఘంటసాల పాటలు వినాలంటే ఒక చెవిలో పెట్టుకోండి, ఇంకా మంచిది ఇంటికొచ్చి వినండి. కార్లవాళ్ళు మనల్ని దాటేటప్పుడు కనీసం మూడడుగుల దూరం ఇవ్వాలని 2014 నుంచి చట్టం ఉంది, ఈ మధ్య ఇంకా గట్టిది వచ్చింది, వీలైతే పక్క లేనులోకి పోయి దాటాలని. అందరూ పాటిస్తారనుకోకండి.

తెనాలి_తాతగారు
అబ్బ, బ్రేకుల విషయం ఎంత మంచి మాట చెప్పారండీ, మా అబ్బాయికే తెలీదు. రక్తం పల్చబడే మందులు లేవు డాక్టరుగారూ, మెట్‌ఫార్మిన్ ఒక్కటే. ఇన్సూరెన్సు గురించి ఎవరైనా చెప్తారా? మావాడి భయమంతా అక్కడే ఉంది.

లెక్కల_మాస్టారు
ఇన్సూరెన్సు నేను చెప్తా, రిటైరయ్యాక నా పని ఇదే, సలహాలు ఫ్రీ.

గ్రీన్ కార్డు రాగానే మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఆరోగ్య బీమా, రాదు సార్. 65 దాటి ఉండాలి, అమెరికాలో వరసగా ఐదేళ్ళు ఉండాలి, అప్పుడు డబ్బు కట్టి చేరొచ్చు. ఇక్కడ పదేళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళకి, లేదా వాళ్ళ భార్యకో భర్తకో హాస్పిటల్ భాగం ప్రీమియం లేకుండా వస్తుంది, మనకి అలా ఉద్యోగం చేసిన ఏళ్ళ లెక్క, దాన్నే క్రెడిట్లు అంటారు, లేదు కాబట్టి దానికీ కట్టాలి. పిల్లలు ఎన్నేళ్ళు చేసినా వాళ్ళ క్రెడిట్లు మనకి రావు, ఇది చాలామంది నన్ను అడుగుతారు. ఐదేళ్ళు నిండగానే చేరకుండా సాగదీస్తే డాక్టరు ఖర్చుల భాగానికి ప్రతి పూర్తి ఏడాదికీ పది శాతం చొప్పున జరిమానా, అదీ జీవితాంతం. అప్పటిదాకా కవర్డ్ కాలిఫోర్నియాలో, అంటే రాష్ట్రం నడిపే ఇన్సూరెన్సు మార్కెట్లో, ప్లాను తీసుకోవచ్చు, గ్రీన్ కార్డు మీద దిగిన 60 రోజుల్లోపు చేరాలి, దాటితే మళ్ళీ ఏడాది చివర వచ్చే గడువు దాకా ఆగాలి. రాయితీల రూల్సు ఈమధ్య మారుతున్నాయి, ఏజెంటుని కూర్చోబెట్టి అడగండి, వాళ్ళకి మనం ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కొన్న విజిటర్ పాలసీని నమ్ముకుని సైకిలెక్కకండి, ముందునుంచీ ఉన్న జబ్బులకి అడ్డం తిరుగుతాయి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. మీ అబ్బాయి కారు ఇన్సూరెన్సులో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ ఉందా, ఎంతకుందో చూడమనండి. ఇన్సూరెన్సు లేని కారు, లేదా గుద్దేసి పారిపోయిన కారు మిమ్మల్ని సైకిలు మీదుండగా కొడితే, మీరు అదే ఇంట్లో ఉంటున్న కుటుంబసభ్యులు కాబట్టి మామూలుగా ఆ కవరేజీ మీకూ వర్తిస్తుంది. పెంచుకోవడానికి అయ్యే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మెడికల్ పేమెంట్స్ అని ఇంకోటి ఉంటుంది, తప్పు ఎవరిదైనా కొంత మొత్తం ఇస్తారు. ఏజెంటు చేత మెయిల్లో రాయించుకోండి, నోటిమాట వద్దు.

సైకిలుకి సంబంధం లేదు గానీ బ్యాంకు మనిషన్నారు కాబట్టి చెప్తున్నా. ఇండియాలో మీ ఎఫ్‌డీలు, సేవింగ్స్ అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే ఇక్కడ ఎఫ్‌బార్ అని విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం ఫైలు చెయ్యాలి. మీ పెన్షను, వడ్డీ ఇక్కడి రిటర్నులో కూడా చూపించాలి, అక్కడ కట్టిన టాక్సుకి ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది. ఖాతాలు ఎన్‌ఆర్‌ఓకి, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాలుగా, మార్పించారా?

తెనాలి_తాతగారు
మార్పించాను మాస్టారూ, బ్యాంకులో చేసి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా 😀 ఎఫ్‌బార్ మాత్రం వినలేదు. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఫోన్లో మొహం చూపించి అయిపోయింది, జీవన్ ప్రమాణ్ యాప్‌తో. ఇండియా సిమ్ రోమింగ్ లేకపోయినా వైఫై కాలింగ్‌లో ఓటీపీలు వస్తున్నాయి, ఆ రీచార్జి మాత్రం ఎవరూ ఆపకండి.

పద్మక్క_ఫ్రీమాంట్
టాపిక్ ఎటో పోతోంది, సైకిలు దగ్గరికి రండి అన్నయ్యగారూ. అందరూ అన్నయ్యగారికే చెప్తున్నారు, వదినగారి మాట ఎవరూ ఎత్తరేం? నేను టీచరుగా రిటైరయ్యాను, ఊళ్ళో ఎప్పుడూ సైకిలెక్కలేదు, మా నాన్న ఎక్కనివ్వలేదు. ఇక్కడికొచ్చాక 61లో నేర్చుకున్నాను, మూడు చక్రాల దాని మీద. వెనక పెద్ద బుట్ట, ఆనపకాయలు గోంగూర కట్టలు అన్నీ పట్టేస్తాయి, పడతానన్న భయం లేదు, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టక్కర్లేదు.

కానీ దానికీ ఓ లోపం ఉంది, షాపులో చెప్పరు. మూడు చక్రాలది మలుపులో వేగంగా తిప్పితే పక్కకి ఒరుగుతుంది, రెండు చక్రాలదైతే మనతో పాటు వంగుతుంది గానీ ఇది వంగదు, లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపుకి ముందే నెమ్మదించి, బరువు మలుపు లోపలి వైపుకి వేసి తిప్పాలి. రోడ్డు అంచు వైపు వాలుగా ఉన్నచోట కూడా అటు లాగేస్తుంది. వెడల్పు కూడా చూసుకోండి, పెరటి గేటులో పట్టకపోతే రోజూ అవస్థే, మాకు గేటు కొక్కెం మార్పించాల్సొచ్చింది.

కరీంనగర్_కాకా
ఇగ ముళ్ళ ముచ్చట ఎవ్వలు చెప్పకపాయె! అన్నా, మనూళ్ళ చేన్ల గట్ల మీద పల్లేరు కాయలు చూసినవ్ గదా, కాళ్ళకు గుచ్చుకునేటియి. గవే ఈడ గూడ ఉన్నయి, అదే మొక్క, పసుపు పువ్వు, నేల మీద పాకుతది, రోడ్ల పక్కపొంటి ఉంటది. గోట్‌హెడ్ అంటరు. ఎండకాలం చివర్ల ఎండి రాల్తయి, ఎట్ల పడ్డ ఒక ముళ్ళు మీదికే ఉంటది, టైరుల దిగినదంటే గంతే. నేను మొదట్ల వారం వారం పంచరు ఏస్కున్న, మా మనుమరాలు నన్ను పంచర్ తాత అనుడు షురు చేసింది.

గిట్ల చెయ్యి. మందం ట్యూబు ఏపియ్యి, ముళ్ళు తట్టుకునేటిది అని దొరుకుతది. దాంట్ల పచ్చరంగు సీలెంట్ పోయిస్తే చిన్న తూటు తనంతట తనే మూసుకుంటది. ముళ్ళు దిగినట్టు కనవడితే నడి రోడ్డు మీద పీకకు, పీకినవంటే గాలి సుయ్యిన పోతది, సీలెంట్ లేకుంటే ముళ్ళుతోనే ఇల్లు జేరొచ్చు ఒక్కోసారి. ఇంటికొచ్చినంక పీకి ప్యాచ్ ఎయ్యి. ఇంటికొచ్చిన ప్రతిసారి టైరు మీద పాత గుడ్డతోని తుడువు, చెయ్యితోని వద్దు.

గాలి పంపు కొనేటప్పుడు గూడ చూస్కో, మన హీరో సైకిల్ వాల్వు ఈడ లేదు, గా రబ్బరు ట్యూబు తొడిగేటిది. ఈడ రెండు తీర్లు ఉంటయి, ఒకటి కారు వాల్వు లెక్క లావుగ, ఇంకోటి సన్నగ పొడుగ్గ, దాని కొన తిప్పి వదులు చేసినంకనే గాలి పోతది. లావు వాల్వున్న సైకిల్ తీస్కో, మన చేతులకు గదే అల్క. ఎంత గాలి కొట్టాల్నో టైరు పక్కన రాసుంటది, అద్దాలు పెట్టుకొని చదువు.

డేవిస్_పాతకాపు
కాకా, పల్లేరు కాయలు అనగానే నవ్వొచ్చింది గానీ అక్షరాలా నిజం. ఇక్కడ బైక్ పాత్‌ల పక్కన వాటిని పీకడానికి వాలంటీర్లు కూడా వస్తుంటారు.

వాతావరణం కూడా చెప్పేస్తా. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, పొడి వేడి, చెమట పట్టినట్టు తెలీదు, అదే మోసం. తెనాలి ఉక్కలో అయితే చొక్కా తడిసి దాహం గుర్తొస్తుంది, ఇక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీళ్ళు మాత్రం పోతుంటాయి. పొద్దున పదిలోపు తిరిగి రండి, లేదా సాయంత్రం బే వైపు నుంచి చల్లగాలి మొదలయ్యాక వెళ్ళండి, డెల్టా బ్రీజ్ అంటారు, మీకు బాగా నచ్చుతుంది. అడవులు తగలబడే సీజనులో పొగ వస్తే గాలి ఎంత బాగుందో చెప్పే ఎయిర్‌నౌ సైటు చూసి, ఎరుపు రంగులో ఉంటే ఇంట్లోనే ఉండండి. చలికాలంలో వాన పడ్డ మర్నాడు టూలీ ఫాగ్ పడుతుంది, పదడుగుల అవతల ఏముందో కనపడదు, ఆ పొద్దుటి పూట సైకిలు ముట్టుకోవద్దు. నవంబరులో జనం ఎండాకులు రోడ్డు అంచున కుప్పలు పోస్తారు, సరిగ్గా బైకు లేన్‌లోనే! తడి ఆకుల మీద బ్రేకు వేస్తే జారుతుంది.

మొదట్లో ఎక్కడికెళ్ళాలంటారా, 14వ వీధిలో లైబ్రరీకి పొండి, శనివారం పొద్దున సెంట్రల్ పార్కులో రైతుబజారు. ఏ స్ట్రీట్‌లో సీనియర్ సెంటరు ఉంది, మనలాంటివాళ్ళు చదరంగం ఆడుతూ కనపడతారు. కాజ్‌వే, అంటే ముంపు నేల మీద కట్టిన పొడుగాటి వంతెన, మీదుగా శాక్రమెంటో దాకా బైకు దారి ఉందని ఎవరైనా ఊరిస్తే ఇప్పుడే వద్దు, ఫ్రీవే పక్కనే పోతుంది, హోరు భరించలేం, మధ్యలో నీడ ఉండదు. శాక్రమెంటో వెళ్ళాలంటే రైల్లో సైకిలు ఎక్కించుకోవచ్చు, కాపిటల్ కారిడార్ రైళ్ళలో దానికి చోటుంటుంది.

తాళం గురించి ఒక్కమాట. ఈ ఊళ్ళో ప్రాణానికి భయం లేదు గానీ సైకిలుకి ఉంది. తీగ తాళం కట్టర్‌తో ఇట్టే తెగుతుంది, యూ ఆకారంలో ఉక్కు తాళం కొనండి, ఫ్రేముకీ చక్రానికీ కలిపి స్టాండుకి వెయ్యాలి. ఫ్రేము అడుగున నంబరు ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

కొడుకు_కోణం
ఇంత చదివాక నా మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం తగ్గిస్తా. మా నాన్నగారు కూడా ఈ థ్రెడ్ చదివారు, మూడు చక్రాలదైతే ఎక్కుతానంటున్నారు, అమ్మ నన్నే తిడుతోంది ఇది ఎందుకు చూపించావని. పద్మ ఆంటీ, ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళకి సరిపోయేవి ఉంటాయా? అమ్మ కూడా అడుగుతోంది, ఐదడుగులు కూడా ఉండదు.

పద్మక్క_ఫ్రీమాంట్
ఉంటాయి నాన్నా. 20 అంగుళాల చక్రాలవి చూడు, 24వి అమ్మకి ఎత్తవుతాయి. ఆన్‌లైన్లో కొనకండి, డబ్బాలో ముక్కలుగా వస్తాయి, బిగించేసరికి మీ శనాదివారాలు రెండూ అయిపోతాయి, సరిగ్గా బిగించకపోతే ప్రమాదం. షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూపించు. నాన్నగారికి ఫిజియోథెరపీ ఆమె సరేనన్నాకే సుమా.

ఐండ్‌హోవెన్_రావు
ఎలక్ట్రిక్ మూడు చక్రాలది తీసుకుంటే జాగ్రత్త, పెడలు తిప్పితే చాలు మోటారు తన్నేస్తుంది కొన్నింట్లో. పెడలు మీద ఎంత బలం వేస్తే అంత సాయం చేసే సెన్సరు ఉన్నది అడగండి, కాస్త ఖరీదు ఎక్కువ. బ్యాటరీ యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ సర్టిఫికెట్ ఉన్నదే కొనాలి, రాత్రంతా గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టి పడుకోవద్దు, మంట లేస్తే బయటికి పోయే దారే ఉండదు.

తెనాలి_తాతగారు
అందరికీ ధన్యవాదాలు. కబురేంటంటే మావాడు ఒప్పుకున్నాడు! మాస్టారు చెప్పిన కారు ఇన్సూరెన్సు కాగితం తీసి చూస్తే ఆ కవరేజీ మరీ అడుగున ఉంది, పెంచించాడు. ఫోన్లో నేనెక్కడున్నానో వాడికి కనపడేలా పెట్టాడు. డండా లేని సెకండ్ హ్యాండ్ సైకిలు కొన్నాం, బ్రేకులు మార్పించాం, సీలెంట్ పోయించాం. 62 దాటినవాళ్ళకి డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు డీఎంవీలో ఐడీ కార్డు ఉచితం అని కోడలు చెప్పింది, అది తీసుకుని జేబులో పెట్టుకుంటున్నా, వెనక మాత్రల పేర్లు రాసిన చీటీతో. ప్రస్తుతం లైబ్రరీకి, రైతుబజారుకి పోతున్నా. మా ఆవిడ మూడు చక్రాల వాటి ఫోటోలు చూస్తోంది, పద్మగారి పోస్టు చదివిన దగ్గర్నుంచీ.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. వెనక క్యారేజీ మీద సోనామసూరి ఇరవై పౌండ్ల బస్తా పెట్టుకుని రావచ్చా?

డేవిస్_పాతకాపు
క్యారేజీ మీద బరువు ఎంతవరకో అచ్చు వేసి ఉంటుంది చూడండి, చాలావాటికి 25 కిలోలు, మీ బస్తా తొమ్మిది కిలోలే. సమస్య బరువుది కాదు, ఎత్తుది. పైన అడ్డంగా పెడితే ఆపినప్పుడు సైకిలు పక్కకి లాగేస్తుంది. రెండు పక్కలా వేలాడే సంచులు కొని, పది పౌండ్ల బస్తాలు రెండు తీసుకుని చెరో పక్కన వెయ్యండి. ఎక్కేముందు ఖాళీ వీధిలో ఓసారి తొక్కి చూడండి.

కరీంనగర్_కాకా
బియ్యం కొడుకును తెమ్మను అన్నా, కారు ఎందుకున్నది. నువ్వు కొత్తిమీర తీస్కరా.

తెనాలి_తాతగారు
అదీ నిజమే కాకా 😀 పద్మగారూ, గేటు వెడల్పు ఎంతుండాలో కొలత చెప్పండి, మా ఆవిడ టేపు పట్టుకుని నిలబడి ఉంది.

పద్మక్క_ఫ్రీమాంట్
మాది వెనక చక్రాల దగ్గర 30 అంగుళాలు, గేటు కనీసం 34 ఉంటే మోచేతులు గీరుకోకుండా తోసుకుపోవచ్చు. మోడలుని బట్టి మారుతుంది, కొనేముందు షాపులో టేపు పెట్టి కొలవండి వదినగారూ, కాగితం మీద రాసింది నమ్మకండి.